ఫర్మా కథ: విశాఖ కుర్చీల నుంచి మన కువైట్ వర్క్‌షాపుల దాకా

శుక్రవారం సాయంత్రం మిర్కాబ్ బస్టాండు చుట్టుపక్కల మనోళ్ళు ఎంతమంది ఉంటారో ఈ సంచిక చదివేవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. డబ్బులు పంపేవాళ్ళు, ఊరి మనిషి కోసం ఎదురు చూసేవాళ్ళు, టీ తాగి ఊరికే నిలబడేవాళ్ళు. పోయిన ఏడు అలాంటి ఒక శుక్రవారం మా పక్క ఊరి తమ్ముడు కలిశాడు. వడ్రంగి పని. చంకలో న్యూస్‌పేపర్లో చుట్టిన పలుచటి హార్డ్‌బోర్డు ముక్క ఉంది. "ఏందిరా అది?" అంటే, "ఫర్మా అన్నా. మజ్లిస్ సోఫా చెయ్యి వంపుది. కంపెనీ మారుతుండా. ఇది మాత్రం వదిలిపెట్టి రాబుద్ధి కాలా" అన్నాడు.

విప్పి చూశాను. ఒక అంచు తిన్నగా ఉంది, రెండో అంచు కొంగ మెడలాగా వంపు తిరిగి ఉంది. మేకుకు తగిలించడానికి పైన ఒక బెజ్జం. పెన్సిల్‌తో తెలుగులో 'పైన', 'గోడ వైపు', '14 కావాలి' అని రాసి ఉంది. అంతే. అమ్మితే పావలా రాదు. కానీ ఆ వంపు కుదరడానికి వాడికి మూడు రోజులు పట్టిందంట. బోర్డు కంపెనీది, ఆ మూడు రోజుల జీతమూ కంపెనీదే. మరి వంపు ఎవరిది?

ఈ ప్రశ్న ఇవాళ పుట్టింది కాదు. రెండు మూడు వందల ఏళ్ళ కిందట మన విశాఖపట్నంలో ఉంది. వంద ఏళ్ళ కిందట ఇదే కువైట్ ఒడ్డున పడవలు కట్టే చోటా ఉంది. ఆ కథ చెప్పాలనే ఈ వ్యాసం.

డ్రైవింగులో, ఇంటి పనిలో, హోటళ్ళలో ఉన్న అన్నలకు, అక్కలకు ముందు రెండు ముక్కలు చెప్పాలి. ఒకే ఆకారం పదిసార్లు కావాలంటే పదిసార్లు కొలవకూడదు. కొలిచిన ప్రతిసారీ వెంట్రుకంత తేడా వస్తుంది. పది వెంట్రుకలు కలిస్తే తలుపు పట్టదు. అందుకని ఒక్కసారి జాగ్రత్తగా కొలిచి, పలుచటి చెక్క మీద ఆ ఆకారం కోసి పెట్టుకుంటాం. అదే ఫర్మా. అచ్చు అన్నా అదే. జిగ్ దానికి తమ్ముడు లాంటిది. చెక్క ఏ ఆకారంలో ఉండాలో ఫర్మా చెప్తుంది. మిషను ఎక్కడ నిలబడాలో, ఎక్కడ ఆగాలో జిగ్ చెప్తుంది. జాకెట్టు కుట్టించేటప్పుడు ఆడవాళ్ళు టైలరుకు ఆది జాకెట్టు ఇస్తారు చూడండి, ఆ ఆది జాకెట్టు కూడా ఒక ఫర్మానే.

మాది రాజంపేట దగ్గర పల్లె. మా తాత ఎద్దుల బండ్లు చేసేవాడు. మా వైపు బండి చక్రానికి ఆరు పూటీలు, పన్నెండు ఆకులు. పూటీ అంటే చక్రం అంచున ఉండే వంపు ముక్క, ఒక్కో పూటీలోకి రెండు ఆకులు దిగుతాయి. తాత దగ్గర చింతపండు రంగుకు తిరిగిన ఒక పలక ఉండేది, పూటీ అచ్చు. దాన్ని తుమ్మ చెక్క మీద పెట్టి, బొగ్గుతో చుట్టూ గీసి, బాడిసతో చెక్కేవాడు. ఆరు ముక్కలే ఎందుకు తాతా అని అడిగితే నేల మీద మేకు కొట్టి, దారం కట్టి గుండ్రం గీశాడు. అదే దారం కొలతతో గుండ్రం మీద గుర్తులు పెట్టుకుంటూ పోయాడు. సరిగ్గా ఆరు గుర్తులకు మొదలుపెట్టిన చోటికే వచ్చింది. వ్యాసార్ధం అనే మాట నాకు బడిలో చెప్పింది ఆ తరవాత మూడేళ్ళకు. మా తాతకు బర్మా అంటే కూడా దేశం కాదు, తాడుతో తిప్పి బెజ్జం కొట్టే పనిముట్టు.

దారానికి మన పనిలో చాలా పాత గౌరవం ఉంది. దక్షిణాదిలో పుట్టిన మయమతం అనే పాత శిల్పశాస్త్రంలో ఇళ్ళు, గుళ్ళతో పాటు మంచాలు, ఆసనాల కొలతలు కూడా చెప్పారు. అందులో పనివాళ్ళను నాలుగు రకాలుగా విడదీశారు. మొత్తం పని నడిపేవాడు స్థపతి. దారం పట్టి కొలత నిర్ణయించేవాడు సూత్రగ్రాహి. చెక్కేవాడు తక్షకుడు. ముక్కలు కూర్చి నిలబెట్టేవాడు వర్ధకి. ఈ వర్ధకి మాటే మన నోట్లో వడ్లంగి, వడ్రంగి అయింది. గమనించండి, కొలత పట్టేవాడు వేరు, కోసేవాడు వేరు. అంతస్తులో సూత్రగ్రాహి పైన, మనం కింద! ఇవాళ వర్క్‌షాపులో ఏసీ గదిలో డ్రాయింగ్ చేసే ఇంజనీరుకు, కింద దుమ్ములో ఉండే నజ్జారుకు జీతంలో ఉన్న తేడా అప్పటి నుంచే ఉందేమో అని నాకు ఒక్కోసారి నవ్వొస్తుంది. ఫర్మా చేసే వడ్రంగి ఈ రెండు పనులూ చేస్తాడు. దారమూ వాడిదే, ఉలీ వాడిదే. అదే చిక్కు.

ఇక విశాఖపట్నం సంగతి. ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు అక్కడ 1680ల్లో కోఠీ పెట్టారు. పక్కనే భీమునిపట్నంలో డచ్చివాళ్ళు. బట్టల వ్యాపారానికి వచ్చిన ఈ తెల్లవాళ్ళకు కూర్చోడానికి కుర్చీలు, కాగితాలు దాచుకోడానికి అరల బల్లలు కావాలి. మనకు అప్పటికి నేల మీద కూర్చోవడమే అలవాటు. వాళ్ళు తమ వెంట తెచ్చుకున్న కుర్చీ చూపించి, ఇలాంటిది చెయ్యమన్నారు. అక్కడి కంసాలులు చేశారు. చెయ్యడమే కాదు, రోజ్‌వుడ్డు, నల్లచేవ మీద ఏనుగు దంతం పొదిగి, ఆ దంతం మీద సన్నని గీతలు చెక్కి, గీతల్లో నల్ల లక్క నింపారు. పూల తీగల అంచులు చూస్తే మన కలంకారీ, చీటీ గుడ్డల అంచులే గుర్తొస్తాయి. దంతం ఎక్కువగా సముద్రం మీద పెగూ నుంచి, అంటే మళ్ళీ బర్మా దేశం నుంచే వచ్చేది. 1756 ప్రాంతంలో విశాఖ చూసిన మేజర్ జాన్ కార్నెయిల్ అనే బ్రిటిష్ సైనికాధికారి ఆ ఊరి పొదుగుడు పనిని మెచ్చుకుని రాసిపెట్టాడు.

తరవాత తరవాత పద్ధతి మారింది. పొదగడం తగ్గి, చెక్క మీద దంతం పలకలు మొత్తంగా కప్పేయడం మొదలైంది. గంధపు చెక్క మీద దంతం తాపడం చేసిన కుర్చీల జట్టు ఒకటి మద్రాసు గవర్నరుగా 1773 నుంచి 1775 దాకా ఉన్న అలెగ్జాండర్ వించ్ ఇంట్లో ఉండేది. ఆయన చనిపోయాక 1781లో వేలం వేస్తే, మూడో జార్జి రాజు తన రాణి షార్లెట్ కోసం కొన్నాడు. అవి ఇప్పటికీ ఇంగ్లండు రాజకుటుంబం సేకరణలో ఉన్నాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో కూడా విశాఖ పనితనం ఉంది.

వడ్రంగి కన్నుతో ఆ కుర్చీల ఫొటోలు చూస్తే నాకు మొదట కనిపించేది దంతం కాదు, కాళ్ళు. ముందు కాళ్ళు విల్లులా వంగి ఉంటాయి. ఒక్క కుర్చీ అయితే కంటి అంచనాతో చెక్కొచ్చు. జట్టు మొత్తానికి అదే వంపు, అదే మందం, అదే ఎత్తు రావాలంటే అచ్చు లేకుండా కుదరదు. ఇది పుస్తకం చదివి చెప్పేది కాదు, పని చేసిన చెయ్యి చెప్పేది. పైగా అప్పటికి ఇంగ్లండులో నమూనా పుస్తకాలు వచ్చేశాయి. థామస్ చిప్పెండేల్ అనే లండన్ వడ్రంగి 1754లో తన డిజైన్లన్నీ బొమ్మలేసి పుస్తకం అచ్చు వేశాడు. డబ్బున్న ఎవడైనా ఆ పుస్తకం కొని, ఏ ఊళ్ళోనైనా వడ్రంగి ముందు పెట్టి, ఇది కావాలి అనొచ్చు. ఆ శతాబ్దం చివరికి విశాఖ పెట్టెల మీద ఇంగ్లీషు భవనాల బొమ్మలు కూడా వచ్చాయి, అచ్చు కాగితాల నుంచి ఎత్తి రాసినవి.

చూడండి, చిప్పెండేల్ కూడా వడ్రంగే, మన కంసాలీ పనివాడే. చిప్పెండేల్ తన వంపుల్ని కాగితం మీద పెట్టి, కింద పేరు వేసుకున్నాడు. రెండు వందల డెబ్బై ఏళ్ళ తరవాత కూడా ఆ తరహా కుర్చీని చిప్పెండేల్ కుర్చీ అనే పిలుస్తున్నారు, ఇక్కడి షోరూముల్లో సైతం. విశాఖ కుర్చీల పక్కన మ్యూజియం చీటీలో ఊరి పేరు ఉంటుంది, కొన్న దొర పేరు ఉంటుంది. చేసినవాడి పేరు ఉండదు. పొదుగుడు రంగంలో ఇంగ్లండుకు కూడా చేతకాని పని చేసినవాళ్ళు వాళ్ళు. వాళ్ళ ఫర్మాలు ఏ గోడకు వేలాడాయో, ఏ పొయ్యిలో కాలాయో.

ఇప్పుడు సముద్రం దాటి ఇటు వద్దాం. మనం నిలబడే మిర్కాబ్ పాత కువైట్ పట్నంలో ఒక పేట. మిర్కాబ్ అంటే కాపలా కాసి చూసే ఎత్తు చోటు. 1920లో పట్నం చుట్టూ కట్టిన మట్టిగోడకు లోపల ఉండేది. ఆ గోడను 1957లో పడగొట్టారు, దర్వాజాలు మాత్రం ఉంచారు. మనం దాటి వెళ్ళే సూర్ స్ట్రీట్ పేరులో సూర్ అంటే ఆ గోడే.

అప్పటి కువైట్‌లో చెట్టు లేదు, చెక్క లేదు. అయినా గల్ఫ్ మొత్తంలో పేరున్న పడవలు ఇక్కడే కట్టేవాళ్ళు. టేకు మలబారు ఒడ్డు నుంచి, ముఖ్యంగా కాలికట్ వైపు నుంచి వచ్చేది. కువైట్ పడవలు బస్రా ఖర్జూరం వేసుకుని మన దేశం పోయి, కలప వేసుకుని తిరిగొచ్చేవి. కొన్ని ఆఫ్రికా తీరానికి పోయి మడచెట్ల దుంగలు తెచ్చేవి, వాటిని ఇక్కడ చందల్ అంటారు. పాత ఇళ్ళ పైకప్పులన్నీ ఆ దుంగలే. దుంగ ఎంత పొడవుంటే గది అంత వెడల్పు. అందుకే పాత గదులన్నీ సన్నగా, ఇంచుమించు ఒకే వెడల్పుతో ఉంటాయి. ఎక్కడో ఆఫ్రికా బురదలో పెరిగిన చెట్టు కువైట్ గదికి ఫర్మా అయిందన్నమాట.

పడవ కట్టే వడ్రంగిని ఇక్కడ కల్లాఫ్ అనేవాళ్ళు, పెద్దమేస్త్రీని ఉస్తాద్. ఉస్తాద్ ముందు కాగితం, డ్రాయింగు ఉండేవి కావు. మనకు తెలిసిన పద్ధతిలో అయితే ముందు లోపలి పక్కటెముకలు నిలబెట్టి, తరవాత పైపలకలు కొడతారు. ఇక్కడ తలకిందులు. అడుగుదూలం పరిచి, ముందూ వెనకా కొమ్ములు నిలబెట్టి, పైపలకలు ముందు కూర్చుకుంటూ పోయి, ఆ పలకల వంపుకు తగ్గట్టు లోపల పక్కటెముకలు పెట్టేవాళ్ళు. అలా అయితే వంపు ఎలా తెలుస్తుంది? కొంత ఉస్తాద్ కంట్లో, కొంత అచ్చుల్లో. పలకలు ఎక్కడ ఎంత వంగాలో చూపించే చెక్క అచ్చులు ఉండేవి. ఆ అచ్చును వాళ్ళు ఫుర్మా అంటారు.

ఈ మాట నేను మొదటిసారి విన్నప్పుడు ఒళ్ళు జలదరించింది. మా ఊళ్ళో, బొంబాయిలో, ఇక్కడి వర్క్‌షాపులో మనం అనే ఫర్మా, కువైట్ పడవవాళ్ళ ఫుర్మా ఒకటే మాట. రెండింటికీ మూలం లాటిన్‌లోని ఫోర్మా, అంటే ఆకారం. సముద్రం మీద తిరిగిన యూరప్‌వాళ్ళ నోటి నుంచి రెండు ఒడ్డులకూ దిగింది. మన పనిలో మాటలన్నీ ఇలా ఓడలెక్కి వచ్చినవే. కుర్చీ అరబ్బీ వాళ్ళ కుర్సీ. మేస్త్రీ, అలమార పోర్చుగీసు వాళ్ళవి. కువైటీలు బీరువాను కబత్ అంటారు, అది ఇంగ్లీషు కబోర్డు. సోఫాను ఇంగ్లీషు అనుకుంటాం, దాని పుట్టుక అరబ్బీలో. మంచం మాత్రం మనదే, ఎవరూ తీసుకోలేదు!

1939లో అలన్ విలియర్స్ అనే ఆస్ట్రేలియా నావికుడు కువైట్ పడవలోనే ప్రయాణం చేసి ఇక్కడికొచ్చి, ఆ ఒడ్డును, ఆ వడ్రంగులను కళ్ళారా చూసి పుస్తకం రాశాడు. అప్పటి పడవ ఒకటి చూడాలంటే సాల్మియాలో సైంటిఫిక్ సెంటర్ దగ్గర ఫతహ్ అల్ ఖైర్ ఉంది, 1938లో కట్టిన బూమ్. సెలవు రోజు పిల్లలున్నవాళ్ళు చేపలు చూడ్డానికి వెళ్తారు. ఈసారి వెళ్తే బయట ఉన్న ఆ పడవ పక్కన కూడా ఐదు నిమిషాలు నిలబడండి. ఎడమ పక్క వంపు, కుడి పక్క వంపు సరిపోల్చి చూడండి.

మన దగ్గరా ఇలాంటి ఒడ్డు ఉండేది. కాకినాడ పక్కన కోరంగి, తాళ్ళరేవు పడవలకు పేరుపడ్డ ఊళ్ళు. 1839 నవంబరు తుపానులో కోరంగి రేవు దెబ్బతిని మళ్ళీ కోలుకోలేదు. కానీ ఆ రేవు నుంచి ఓడెక్కి బర్మాకు కూలికి పోయిన తెలుగువాళ్ళందర్నీ అక్కడ కోరంగీలు అనే పిలిచారు. ఊరు మునిగినా పేరు వలసపోయినవాళ్ళకు మిగిలింది.

1946లో కువైట్ మొదటి ఆయిల్ ఓడ కదిలింది. 1952లో కొత్త పట్నానికి ప్లాను వచ్చింది, పాత ఇళ్ళు ఒక్కొక్కటే పోయి విల్లాలు లేచాయి. 1961 దాకా ఇక్కడి బజారులో నడిచింది మన రూపాయే, ఆ ఏడు దినారు వచ్చింది. పాత ఇంట్లో గోడలోనే గూళ్ళు ఉండేవి, కింద తివాచీ, ఆనుకోడానికి దిండ్లు, ఒక మూల ఇత్తడి మేకుల పెట్టె. ఆ పెట్టెలూ చాలావరకు మన దేశం నుంచి పడవల్లో వచ్చినవే. విల్లాకు మాత్రం గోడ నిండా కబత్ కావాలి, కిచెను కావాలి, దివానియాలో చుట్టూ సోఫా కావాలి. పడవ పని తగ్గిపోయింది, కబోర్డు పని పెరిగింది. ఆ పనికే మనం వచ్చాం.

మధ్యలో యూరప్‌లో రెండు సంగతులు జరిగాయి, మన జీతాలకు సంబంధం ఉంది కాబట్టి చెప్పి ముందుకు పోతాను. 1800 తరవాత కొద్ది ఏళ్ళలోనే ఇంగ్లండు పోర్ట్స్‌మౌత్ ఓడరేవులో మార్క్ బ్రూనెల్ అనే ఇంజనీరు ఓడ తాళ్ళ కప్పీలు చెయ్యడానికి 45 మిషన్లు పెట్టించాడు. చెక్కను ఎక్కడ పట్టుకోవాలో, ఉలి ఎక్కడ ఆగాలో అన్నీ మిషనులోనే. అంటే జిగ్‌నే ఇనుముతో చేశాడు. 110 మంది నేర్పరులు చేసే పని నేర్పు లేని 10 మంది చేసేశారు. ఇంకొకటి, 1859లో థోనెట్ కంపెనీ ఆస్ట్రియాలో చేసిన 14 నంబరు కుర్చీ. బీచ్ చెక్కను ఆవిరి పట్టి ఇనుప అచ్చుల చుట్టూ వంచి, ఆరు ముక్కలు, పది మరమేకులతో బిగించారు. విడదీసిన 36 కుర్చీలు ఒక్క ఘనమీటరు పెట్టెలో పట్టేవి. హైదరాబాదు ఇరానీ హోటల్లో చాయ్ తాగినవాళ్ళు ఆ జాతి కుర్చీలో కూర్చునే ఉంటారు. పోర్ట్స్‌మౌత్‌లో కొలత వడ్రంగి చేతిలోంచి మిషనులోకి పోయింది. థోనెట్ దగ్గర ఇనుప అచ్చులోకి పోయింది. రెండు చోట్లా అచ్చు యజమానిది.

ఇక మన సంగతి. నేను ఇక్కడికొచ్చిన కొత్తల్లో ఒక వర్క్‌షాపులో పెద్ద కిచెను ఆర్డరు వచ్చింది. 24 తలుపులు. తలుపుకు లోపల కీలు గిన్నె దిగడానికి 35 మిల్లీమీటర్ల గుంట కొట్టాలి. మా తాత మనవణ్ణి కదా, అందరూ ఒక్కొక్కటి కొలుస్తుంటే నేను రాత్రి కూర్చుని ప్లైవుడ్డుతో జిగ్ చేశాను. తెల్లారి గంటన్నరలో 24 తలుపులూ కొట్టేశాను. ఫోర్‌మన్ భుజం తట్టాడు. బిగించేటప్పుడు తెలిసింది, జిగ్‌కు ఏది ముఖమో, ఏది వీపో నేను గుర్తు పెట్టలేదు. తిరగేసి పెట్టుకున్నాను. 24 తలుపులూ అద్దంలో చూసినట్టు ఎదురు వైపుకు వచ్చాయి. చేత్తో చేసి ఉంటే రెండో తలుపు దగ్గరే తెలిసేది. జిగ్ తప్పు కూడా చక్కగా, ఒక్క మిల్లీమీటరు తేడా లేకుండా 24 సార్లు చేసింది. రెండు నెలల జీతంలో కోత పడింది. ఇంటికి ఫోన్ చేసి బ్యాంకులో ఏదో ఆలస్యం అని అబద్ధం చెప్పాను.

అప్పటి నుంచి నేను చేసే ఏ ఫర్మా మీదైనా ముందు 'ముఖం' అని రాస్తాను, తరవాతే కోస్తాను. కొత్తగా పని నేర్చుకునే తమ్ముళ్ళు ఇంకో లెక్క కూడా గుర్తుపెట్టుకోండి. రూటరుకు బేరింగ్ బిట్టు ఉంటే ఫర్మా ఎంతో, చెక్కా అంతే వస్తుంది. గైడ్ బుష్ వాడితే రాదు. బుష్ బయటి కొలత 30, బిట్టు 12 అనుకోండి. 30లోంచి 12 తీసేస్తే 18, అందులో సగం 9. లోపలి బెజ్జం కోసేటప్పుడు ఫర్మా అంచుకు 9 మిల్లీమీటర్లు లోపలగా బిట్టు నడుస్తుంది. అందుకని ఫర్మా అన్ని వైపులా 9 పెద్దదిగా చెయ్యాలి. ఇది ఎవరూ నాకు కూర్చోబెట్టి చెప్పలేదు, రెండు షీట్లు పాడుచేసి నేర్చుకున్నాను.

నేను కుదురుకున్నది దివానియా పనిలో. ఇక్కడి విల్లాల్లో ఏ గోడా తిన్నగా ఉండదు, మూలలు గుండ్రం, స్తంభాలు బయటికి. టేపుతో ఆ మూల కొలవడం కుదరదు. మా వర్క్‌షాపులో కోనసీమ పెద్దాయన ఒకాయన ఉండేవాడు, ఆయన చూపించిన పద్ధతి ఇది. మూలలో ఒక బోర్డు కదలకుండా పెట్టాలి. మొన తేలిన ఒక కర్ర తీసుకుని, మొనను గోడ మీద ఒక చోట ఆనించి, బోర్డు మీద కర్ర అంచు వెంట గీత గీసి, కర్ర మీదా గీత మీదా ఒకే నంబరు వెయ్యాలి. ఇలా ఇరవై ముప్పై చోట్ల. ఆ బోర్డును, కర్రను వర్క్‌షాపుకు తెచ్చి కొత్త షీటు మీద పెట్టి, కర్రను మళ్ళీ అవే గీతల మీద ఆనిస్తే, మొన గోడ ఎక్కడుందో చూపిస్తుంది. చుక్కలు కలిపితే ఆ మూల మన ముందుంటుంది. కొలత అంకె ఒక్కటి కూడా రాయక్కర్లేదు. చదువు రానివాడు కూడా గోడను భుజాన వేసుకొచ్చినట్టే.

పెద్దాయన ఇక్కడ ఇరవై ఏళ్ళకు పైగా చేశాడు. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు మన దేశం వాళ్ళు లక్ష మందికి పైగా అమ్మాన్ మీదుగా విమానాల్లో ఇళ్ళకు చేరారు కదా, అందులో ఆయనా ఒకడు. సామాను పోయిందని ఎప్పుడూ బాధపడలేదు. గోడకున్న ఫర్మాలు పోయాయని మాత్రం అనేవాడు. మళ్ళీ వచ్చి మళ్ళీ చేసుకున్నాడు. వర్క్‌షాపు వెనక గోడ నిండా ఆయన ఫర్మాలే, మేకులకు వరసగా. అన్నింటి మీదా తెలుగు రాత. 'పెద్ద దివానియా వెనక వంపు', 'పాత మోడలు చెయ్యి, పావు అంగుళం తగ్గించు', ఒకదాని మీద 'జాగ్రత్త, ఇది తప్పు' అని కూడా ఉండేది. తప్పు ఫర్మా ఎందుకు దాచావు బాబాయ్ అంటే, "అది దాచకపోతే మీరు మళ్ళీ అదే తప్పు చేస్తారు" అన్నాడు.

ఆయన ఆకామా రద్దు చేసుకుని వెళ్ళిపోయేటప్పుడు సర్వీసు సర్టిఫికెట్ ఇచ్చారు. 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం ప్రకారం పని మానే మనిషికి అది హక్కు. ఎన్నేళ్ళు చేశాడు, ఏ పని, చివరి జీతం ఎంత, అవి అందులో ఉంటాయి. (ఉద్యోగం మానేసే వాళ్ళందరూ అది అడిగి తీసుకోండి, చాలామంది వదిలేస్తున్నారు.) ఏ పని అన్న చోట ఆయన కాగితంలో ఒకటే మాట, నజ్జార్. గోడకున్న వందకు పైగా వంపులు ఆ ఒక్క మాటలో పట్టాయి.

రెండేళ్ళకు వర్క్‌షాపుకు సీఎన్‌సీ రూటరు వచ్చింది. మంచి మిషను, నేను దాన్ని తిట్టను. కంప్యూటర్లో గీసిన వంపు ఉన్నదున్నట్టు కోస్తుంది, దుమ్ము కూడా తక్కువ. గోడ ఖాళీ చెయ్యమన్నారు. కొత్తగా వచ్చిన పిల్లల్లో తెలుగు చదివేవాడు లేడు, ఆ రాతలు వాళ్ళకు పిచ్చిగీతలే. ఫర్మాలన్నీ బయట కంటైనర్లో పడ్డాయి. నేను సైటు నుంచి వచ్చేసరికి పైన ప్లాస్టరు చెత్త కూడా పోసేశారు. తవ్వి పదకొండు తీశాను.

ఆ తరవాత ఏడాదికి ఒక పాత కస్టమరు వచ్చాడు. తండ్రి కాలంలో ఇదే వర్క్‌షాపులో చేయించుకున్న దివానియా. కొడుకు గది పెంచాడు, ఇంకో నాలుగు సోఫాలు అచ్చం అలాంటివే కావాలి. ఆఫీసులో కూర్చున్న డిజైనరు ఫొటో చూసి గీశాడు. మిషను కోసింది. పక్కన పెడితే తేడా తెలుస్తోంది, ఎక్కడో చెప్పలేం గాని తెలుస్తోంది. కస్టమరు ఒప్పుకోలేదు. అప్పుడు నేను నా మంచం కింద నుంచి పదకొండింట్లో ఒకటి తెచ్చాను. 'పాత మోడలు చెయ్యి, పావు అంగుళం తగ్గించు.' దాన్ని స్కాన్ చేసి, పావు అంగుళం తగ్గించి కోశారు. సరిపోయింది. ఆ డ్రాయింగు ఇప్పుడు కంప్యూటర్లో ఉంది, ఫైలుకు నంబరు ఉంది. ఆ రాత్రి పెద్దాయనకు ఫోన్ చేసి చెప్పాను. ఆయన మొదట అడిగింది, "పావు అంగుళం తగ్గించారా?" అని.

మా తమ్ముడి హార్డ్‌బోర్డు ముక్క సంగతి. కంపెనీ బోర్డు కంపెనీకి ఇచ్చెయ్యమన్నాను, ముక్క కోసం దొంగ అనిపించుకోవడం దేనికి. బస్టాండు పక్కన స్టేషనరీ షాపులో బ్రౌన్ పేపరు కొని, టీ కొట్టు బల్ల మీద పరిచి, దాని చుట్టూ గీసుకున్నాం. ముఖం ఏదో రాశాం, గోడ వైపు ఏదో రాశాం, తేదీ వేశాం. చివర సంతకం పెట్టమంటే వాడు సిగ్గుపడి, ఇంటిపేరుతో సహా పూర్తి పేరు తెలుగులో రాశాడు. మీలో ఈ పనిలో ఉన్నవాళ్ళ దగ్గర ఇలాంటివి ఉంటే, శుక్రవారం మిర్కాబ్ వచ్చేటప్పుడు కాగితం మీద గీసుకుని తీసుకురండి. నా దగ్గర ఆ పదకొండింటికీ గీసినవి ఉన్నాయి, తప్పు ఫర్మాతో సహా.